మేక పళ్ళు చూసే దూరం

మొదట్లో నా దగ్గరున్న సరుకు ఇది: రెండు కళ్ళు, వాటికి మైనస్ ఏడు నంబరు అద్దాలు, మేక పెదవి ఎత్తి దాని వయసు చెప్పగలిగే విద్య, ఆ విద్య వల్ల శంషాబాద్ చుట్టుపక్కల అంగళ్ళలో కుర్మయ్య అనే పేరుకు ఉన్న విలువ. ఎయిర్‌పోర్టు వచ్చాక మా దగ్గర భూములున్నవాళ్ళు వాటిని అమ్ముకున్నారు, లేనివాళ్ళు పక్కవాళ్ళవి అమ్మించారు. నేను మాత్రం మేకలే అమ్మాను. భూమికి పళ్ళుండవు. పళ్ళు లేనిదాన్ని నేను నమ్మను.

మా వ్యాపారంలో పళ్ళే జాతకం. పాలపళ్ళు ఊడి ముందర రెండు పెద్ద పళ్ళు వచ్చాయంటే మేకకు ఏడాది దాటిందని లెక్క. బక్రీద్‌కు కొనేవాళ్ళు ఆ రెండు పళ్ళూ చూడందే తాడు పట్టుకోరు. ఇక ధర సంగతికొస్తే, అది నోటితో చెప్పేది కాదు. ఇద్దరి చేతుల మీదా తువ్వాల కప్పుకుని, దాని కింద వేళ్ళు పట్టుకుని చెప్పుకుంటాం. పక్కవాడికి తెలియకూడదని మా తాతలు చేసిన ఏర్పాటు.

2010 బక్రీద్ ముందటి అంగడిలో ఆ ఏర్పాటును నేనే పాడుచేశాను. ఒక పోతు తల విదిలిస్తే నా కళ్ళజోడు ఎగిరి కింద పడింది. ఇంకో పోతు దాని మీద కాలేసి నిలబడింది. అద్దాలు లేకపోతే నాకు మనుషులు మనుషుల్లా కనిపించరు, ఆరేసిన బట్టల్లా కనిపిస్తారు. ఎదురుగా ఒక తెల్లచొక్కా ఆగింది. కొనేవాడనుకుని తువ్వాల కప్పి, చెయ్యి అందుకుని, పొద్దు ఎక్కుతోంది కదా అని నా ఆఖరి ధర వేళ్ళతో చెప్పేశాను.

"ఇంతేనా అన్నా? ఇంకో ఏలు దింపవా?" అంది తెల్లచొక్కా.

గొంతు విన్నాక తెలిసింది. అది బాలమల్లు. నా పక్క గుంజకే మేకలు కట్టి, నాతో పోటీకి అమ్మేవాడు. మధ్యాహ్నానికల్లా నా ఆఖరి ధరకు కాస్త కింద తన ధర పెట్టి, మంద మొత్తం అమ్ముకుని, నా దగ్గరికొచ్చి చుట్టకు నిప్పు అడిగాడు.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ పోచమ్మ నవ్వలేదు. నవ్వితే బాగుండేది.

"కండ్లన్న మంచిగ చేపిచ్చుకో, లేకుంటే నోరన్న మూసుకో."

"నోరు మూసుకునే ఉన్న. ఏళ్ళతోనే చెప్పిన."

"ఏళ్ళు గుడ మూసుకో."

ఎయిర్‌పోర్టు రోడ్డు మీద ఒక కంటి దవాఖాన వాళ్ళ బోర్డు ఉండేది. అందులో ఒక పిల్ల కళ్ళజోడును ఆకాశంలోకి విసిరేస్తూ నవ్వుతుంటుంది. లేజరుతో కంటి అద్దాలు శాశ్వతంగా పోతాయని దాని కింద రాసుంది. చాలా నెలలు ఆ పిల్లను చూస్తూ తిరిగి, చివరికి మరుసటి ఏడు దసరా ముందు ఆ దవాఖానకు వెళ్ళాను. యంత్రాల్లో గడ్డం పెట్టించి, కళ్ళలో చుక్కలు వేసి, నా కళ్ళు ఆపరేషన్‌కు పనికొస్తాయన్నారు. పండుగ రాయితీ కూడా ఉందన్నారు. ఏం పని చేస్తారని డాక్టరమ్మ అడిగితే వ్యాపారం అన్నాను. ఏం వ్యాపారం అని ఆవిడ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఏ సరుకు కొనేటప్పుడైనా అది దేనికి కావాలో అమ్మేవాడికి చెప్పకూడదు. అవసరం తెలిస్తే ధర పెరుగుతుంది. సోమవారం రమ్మన్నారు.

మాటిచ్చాను గానీ మనసు ఒప్పలేదు. మేక చెడితే ఇంకో మేకను కొంటాం. కళ్ళు చెడితే ఏ అంగడికి పోవాలి? బజార్లో నెట్ సెంటర్ నడిపే శివను అడిగాను. అతను కంప్యూటర్లో ఒక గుంపును చూపించాడు. అద్దాలు తీయించుకున్నవాళ్ళు, తీయించుకోబోయేవాళ్ళు ఒకచోట చేరి రాసుకుంటారట. మన హైదరాబాద్ వాళ్ళూ అందులో బోలెడుమంది. తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు. అవి నాకు కూడబలుక్కుంటే తప్ప రావు. శివ చదివేవాడు, నేను వినేవాణ్ణి.

"అన్నా, ఈయన పేరు గరుడదృష్టి. 'ఆపరేషన్ తర్వాత నా జీవితమే మారిపోయింది, గోడ మీద బల్లి కనురెప్ప కనిపిస్తోంది' అంటున్నడు."

"బల్లికి కనురెప్ప ఉంటదా?"

"ఉన్నా లేకున్నా ఆయనకు కనవడ్తున్నది గదా. ఈమె పేరు ఎండినకండ్లు. 'నేను చేసిన తప్పు మీరు చెయ్యకుండ్రి, ముందుగాల అడుగుండ్రి' అని మూడేండ్ల సంది రాస్తున్నది. ఆమె రాస్తే ఎవ్వరూ జవాబియ్యరు."

"ఏమడగమంటున్నది?"

"చానా పొడుగు రాసింది అన్నా. నీ గంట అయిపోతది."

రెండు రోజులు విన్నాక నాకు ఒకటి అర్థమైంది. మంచి మేకను కొన్నవాడు మళ్ళీ అంగడికొచ్చి దాన్ని పొగడడు, వండుకుని తిని పడుకుంటాడు. తిరిగొచ్చేది కుంటి మేకను కొన్నవాడు, లేదా అమ్మినవాడి దగ్గర వాటా ఉన్నవాడు. ఈ గుంపులో రోజూ కనిపించేవాళ్ళంతా ఆ రెండు రకాల్లో ఏదో ఒకటి అయి ఉండాలి. రాత మీద చూస్తే ఎవరు ఏ రకమో తేలదు. సరుకును కళ్ళతో చూడాలి. ఇక్కడ సరుకు కళ్ళే.

శివతో ఇలా రాయించాను: "నా పేరు మేకల కుర్మయ్య. మీరు చెప్పేది నిజమా కాదా నాకు ఎట్ల తెలుస్తది? మీ కండ్లు జర చూడాలె. ఎక్కడికెళ్ళొచ్చినా మీరు శంషాబాద్‌లనే దిగుతరు గదా. ఎప్పుడొస్తరో చెప్పుండ్రి. నేను బయట నిలవడ్త."

గుంపంతా నన్ను పట్టుకుని ఆడుకుంది. ఇది కళ్ళ గుంపు, మేకల గుంపు కాదని ఒకడు. మా పళ్ళు కూడా చూస్తారా అని ఒకామె. ముందు కళ్ళు చూసి తర్వాత తువ్వాల కప్పుతాడేమో జాగ్రత్త అని ఇంకొకడు. ఈ చివరివాడు కచ్చితంగా మా వైపువాడే. కానీ ఇద్దరు మాత్రం సరేనన్నారు. ఆ ఇద్దరే నాకు కావలసినవాళ్ళు కూడా.

శుక్రవారం సాయంత్రం ఎయిర్‌పోర్టులో, ప్రయాణికులు బయటికొచ్చే చోట, ఇనుప కడ్డీ దగ్గర నిలబడ్డాను. చుట్టూ టాక్సీ డ్రైవర్లు కంపెనీల పేర్లు, పెద్దసార్ల పేర్లు రాసిన అట్టలు పట్టుకుని ఉన్నారు. నేనూ ఒక అట్ట పట్టుకున్నాను. దాని మీద శివ పెద్దక్షరాలతో గరుడదృష్టి అని రాసిచ్చాడు.

"పార్టీ ఏ కంపెనీ కాకా?" అన్నాడు పక్కనున్న డ్రైవరు.

"కండ్ల కంపెనీ."

"సామాను మస్తుంటదా?"

"రెండే ఉంటయ్. ముఖం మీద."

విశాఖ విమానంలో దిగిన గరుడదృష్టి అసలు పేరు మధు. నల్లద్దాలు పెట్టుకుని, చక్రాల పెట్టె లాక్కుంటూ నవ్వుతూ వచ్చాడు.

"నమస్కారమండీ. కుర్మయ్య గారు మీరేనా? భలే ఆనందంగా ఉందండీ."

"ముందుగాల ఆ నల్లద్దాలు తియ్యి అన్నా. గా చివర్ల ఉన్న తెల్ల కారు నంబరు చదువు."

చదివాడు. వెళ్ళి చూసుకుని వచ్చాను. సరిపోయింది. సరుకు మంచిదే.

"చూశారా అండీ. కాసేపట్లో అయిపోద్దండీ. నొప్పన్న మాటే లేదు."

"చీకటి పడితే లైట్ల సుట్టూ గుండ్రంగ, బండి గీరల లెక్క కనవడ్తయట గదా?"

"అవా? కొన్నాళ్ళేనండీ. చూడ్డానికి కూడా బాగానే ఉంటాయి, దీపావళి లాగా."

నేనింకా ఆలోచిస్తుండగానే జేబులోంచి కార్డు తీశాడు. అది నాకు సోమవారం రమ్మన్న దవాఖానదే. "మీరు వెళ్ళినప్పుడు కౌంటర్లో నా పేరు చెప్పండి. ఇంకాస్త తగ్గిస్తారు."

నేను భుజం మీది తువ్వాల తీసి అతని చేతి మీద కప్పాను. అతనికి మా వేళ్ళ భాష రాదు. కానీ అడిగిందేమిటో తెలిసిపోయింది.

"అయ్యో, అలాంటిదేం లేదండీ." తువ్వాల కిందినుంచి చెయ్యి తీసేసుకున్నాడు. "మనం ఎవరినైనా పంపిస్తే వాళ్ళు ఏదో చిన్న గౌరవం ఇస్తారు. మనం అడగం కదండీ."

నాకు కోపం రాలేదు. మధ్యవర్తి లేని అంగడి ఉండదు. మధ్యవర్తి చూపించిందంతా చెడ్డ మేక కావాలనీ లేదు. అతని కళ్ళు బాగున్నాయి, అతని మాటకే విలువ లేదు. ఆ రెండూ వేరువేరుగా రాసుకుని అతనికి చాయ్ తాగించాను. ఎయిర్‌పోర్టు చాయ్ ధర చూశాక తాగించకుండా ఉండాల్సిందనిపించింది.

ఆదివారం రెండో మనిషి. తెల్లారితే సోమవారం. ఈసారి అట్ట మీద ఎండినకండ్లు అని రాసుంది. లోపలినుంచి వచ్చేవాళ్ళను చూస్తూ నిలబడితే వెనకనుంచి ఎవరో భుజం మీద తట్టారు.

"నువ్వేనా మేకలాయన?"

యాభైకి దగ్గరున్న ఆవిడ. తెల్లచీర, చేతిలో బైబిలు సంచి, మెడలో తాడుకు వేలాడుతున్న కళ్ళజోడు.

"నేనే అక్కా. మీరు ఏ విమానంల దిగిన్రు?"

"విమానమా? నాది గగన్‌పహాడ్. నువ్వుండేది శంషాబాద్. నడుమ ఇంత తొవ్వ ఉండంగ, చర్చి అయినంక బస్సు మీద బస్సు పట్టుకొని నన్ను ఈడిదాంక రప్పించినవ్. ఏం, నీ కండ్లకు విమానం దిగినోళ్ళే ఆనతరా?"

ఆమె పేరు ప్రేమావతి, బడిలో టీచరు. తిట్టడం ఆపి సంచిలోంచి చిన్న సీసా తీసి, తల వెనక్కి వంచి, రెండు కళ్ళలో చుక్కలు వేసుకుంది. కన్నీళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ తిట్టడం మొదలుపెట్టింది. నేను అలవాటు ప్రకారం దూరంగా ఉన్న కారును చూపించాను.

"నంబరే కాదు, దాని అద్దం మీద పిట్ట రెట్ట గుడ కనవడ్తున్నది. దూరం చూపుకేం తక్కువ లేదు. చర్చిల పాస్టరయ్య నుదురు మీది చెమట కనవడ్తది. చేతుల ఉన్న పాటల పుస్తకమే కనవడది. గందుకే మెడల ఈ గంట." కళ్ళజోడును ఊపి చూపించింది.

"అద్దాలు పోవాల్నని ఆపరేషన్ చేపిచ్చుకొని మళ్ళ అద్దాలేంది అక్కా? వాళ్ళు ఖరాబు చేసిన్రా?"

"ఖరాబు చెయ్యలే. దూరానికి చేస్తమన్నరు, చేసిన్రు. నా వయసుకు దగ్గరిది ఏమైతదో నేను అడగలే. మూడేండ్ల సంది గదే రాస్తున్న. నా రాత సగమన్న చదివినోడు లేడు. పేరు చూసి దుకానం బందు పెట్టుకుంటరు." ఆగి నా ముఖంలోకి చూసింది. "నీకెన్నేండ్లు?"

"నలభై... ఒకటి."

"మేకకైతే పండ్లు చూసి పట్టుకుంటవ్. నీ వయసు మాత్రం నీ ఇష్టమా?"

"నలభై నాలుగు."

"ఊఁ. మేక పండ్లు ఎట్ల చూస్తవ్? చూపెట్టు."

అంతమంది మధ్యలో నేను లేని మేకను మోకాళ్ళ మధ్య పట్టుకున్నాను. ఎడమచేత్తో పెదవి ఎత్తాను. కుడిచేత్తో నా కళ్ళజోడును నుదుటి మీదికి నెట్టి, జానెడు దూరం కూడా లేకుండా తల వంచాను. డ్రైవర్లు చప్పట్లు కొట్టారు.

"ఆగు. గట్లనే ఉండు. అద్దాలెందుకు పైకి ఎత్తినవ్?"

నేను బిత్తరపోయాను. ఎందుకో నాకే తెలియదు. ఎప్పటినుంచి అలా చేస్తున్నానో కూడా తెలియదు.

ఆవిడ తన బస్సు టికెట్టు నా చేతిలో పెట్టింది. "ఎత్తి చదువు." చదివాను. చిన్న అక్షరాలు, సగం చెరిగిపోయిన తేదీ, అన్నీ కడిగినట్టు కనిపించాయి. "ఇప్పుడు అద్దాలు పెట్టుకొని, గంతే దూరం నుంచి చదువు." పెట్టుకున్నాను. టికెట్టు మీద చీమలు చచ్చిపడినట్టు ఉంది. వెనక్కి జరిపి, చెయ్యి బాగా చాపితే గానీ అక్షరం అక్షరంలా కనిపించలేదు.

"గదీ. నలభై దాటినంక దగ్గరి చూపు అందరికీ పోతది. మైనసు కండ్లోళ్ళకు ఒక దొంగదారి ఉంటది, అద్దాలు తీస్తే దగ్గరిది మంచిగ కనవడ్తది. ఆపరేషన్ చేసిన కన్ను అద్దాలు పెట్టుకున్న కన్ను లెక్కనే. దాన్ని ఇగ తీసి నుదురు మీద పెట్టుకోరాదు."

"చెయ్యి చాపితే కనవడ్తున్నది గద అక్కా."

"ఇయ్యాల కనవడ్తది. ఇంకో ఐదేండ్లు పోనీ, నీ చెయ్యి చాలది. మేక నోరును అంత దూరం పెట్టి ఎవరితోని పట్టిస్తవ్, మీ బాలమల్లుతోనా?" బాలమల్లు కథ గుంపులో నేనే రాయించాను. ఒక్క ఈవిడే చదివినట్టుంది.

ఇంటికెళ్ళగానే కొట్టంలోకి నడిచాను. పళ్ళు మారే వయసులో ఉన్న ఒక పోతును మోకాళ్ళ మధ్య బిగించి, కళ్ళజోడు తీయకుండా దాని పెదవి ఎత్తి వంగి చూశాను. తెల్లటి సున్నప్పూత. అది పాలపన్నో పెద్ద పన్నో, ఊడబోతోందో ఊడి వచ్చిందో తేలలేదు. తల వెనక్కి లాగితే పోతు కూడా నాతోపాటు వెనక్కి వచ్చింది. అద్దాలు నెట్టేసి చూశాను. ఒక పాలపన్ను పక్కకు వాలి ఉంది, దాని కింద చిగురు తెల్లగా పొడుచుకొస్తోంది. ముప్ఫై ఏళ్ళుగా నాకు అన్నం పెట్టింది ఆ జానెడు దూరం. దాన్ని నేను సోమవారం రాయితీ మీద వదిలించుకోబోయాను.

"దాంతోని ఏం ముచ్చట పెడుతున్నవ్, మూతి మూతి ఆనిచ్చి?" గుమ్మంలోంచి పోచమ్మ.

"దూరం కొలుస్తున్న."

"బక్రీదు దాంక ఆగు. లగ్గం చేస్త ఇద్దరికీ."

సోమవారం దవాఖానకు వెళ్ళాను. మాటిచ్చి పోకపోవడం నా అలవాటు కాదు. కౌంటర్లో అమ్మాయి ఆపరేషన్ కాగితం ముందుకు జరిపి, సంతకం పెట్టండి సార్, ఇక అన్నీ క్లియర్‌గా కనిపిస్తాయి అంది. డాక్టరమ్మను చూడాలన్నాను. ఆపరేషన్ అయ్యాక మేక పళ్ళు కనిపిస్తాయా అని ఆవిడను అడిగాను. ఆవిడ కలం కింద పెట్టింది.

"మేక పళ్ళా?"

"నా పని గదే అమ్మా."

"మీ వయసుకు దగ్గర చూపుకి అద్దాలు కావాల్సి వస్తుంది. మేకల దగ్గర అవి పెట్టుకోగలరా?"

"అవి ఎగరగొట్టినందుకే మీ తాన్కి వచ్చిన."

"మరి మొన్న ఎందుకు చెప్పలేదు? వ్యాపారం అన్నారు. దుకాణంలో గల్లా దగ్గర కూర్చుంటారేమో అనుకున్నాను."

ధర పెరుగుతుందని చెప్పలేదని ఆవిడతో ఎలా అనను? సరుకు దేనికో చెప్పకపోతే ధర పెరగదు, నిజమే. సరిపోని సరుకు మాత్రం అంటగడతారు. అందులో అమ్మేవాడి తప్పు సగమే. ఇది నేను చాలామంది మేకలు కొనేవాళ్ళ విషయంలో చూశాను, అప్పుడు మిగతా సగం నాకు లాభంగా ఉండేది.

డాక్టరమ్మ మంచిదే. ఇంకో దారి చెప్పింది. ఒక కన్నును దూరానికి చేసి, ఇంకోదాన్ని దగ్గరికి వదిలేయొచ్చట. కొందరికి అలవాటవుతుందట, ముందు లెన్సులతో చూసుకోవచ్చట. నా కళ్ళు ఎప్పుడూ కలిసే పనిచేశాయి, ఇప్పుడు వాటి మధ్య పంపకాలు పెట్టి ఎవరి వాటా ఎక్కువని రోజూ పంచాయితీ చేయలేనన్నాను. ఆవిడ నవ్వి, కాగితాన్ని తనవైపు లాక్కుని, చించేసింది. ఆపరేషన్ చేస్తే లాభపడే మనిషి వద్దని కాగితం చించిందంటే, ఇక నేను ఇంకెవరినీ అడగాల్సిన పని లేదు.

దవాఖాన పక్కనే ఉన్న కళ్ళజోళ్ళ దుకాణంలో రెండో జత చేయించాను. రెండిటికీ వెనకనుంచి గట్టి సాగే తాడు కట్టించాను. ఒకటి ముఖం మీద, ఒకటి చొక్కా జేబులో. ఏడాదిపాటు బోర్డు మీది పిల్లను చూస్తూ తిరిగినవాడికి ఇది తట్టలేదు. గుంపులో అన్ని వందల మందిలో ఒక్కరూ ఇది రాయలేదు, ఎందుకంటే కత్తి కింద పడుకోకుండా లేచి వచ్చినవాళ్ళెవరూ మళ్ళీ ఆ గుంపు ముఖం చూడరు.

నేను చూశాను. శివ దగ్గర కూర్చుని, జరిగింది జరిగినట్టు చెప్పి, ఎండినకండ్లు రాసిందంతా మొదటినుంచి చివరిదాకా చదవమని కూడా రాయించాను. ఆపరేషన్ చేయించుకోనివాడికి ఇక్కడేం పని అని ఇద్దరు కసిరారు. తర్వాత నలభై దాటినవాళ్ళు ఒక్కొక్కరే బయటికొచ్చారు. బంగారం పని చేసే ఆయన, చీరలకు కుచ్చులు వేసే ఆమె, గడియారాలు బాగుచేసే ఆయన. అద్దాలు తీసి దగ్గరిది చూస్తున్నామని వాళ్ళకూ అప్పటిదాకా తెలియదు. అందరూ ప్రేమావతక్కను ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. జవాబు రాయలేక వేళ్ళు నొప్పెడుతున్నాయని ఆమె నన్ను ఫోన్‌లో తిట్టింది. గొంతులో సంతోషం దాగలేదు. మధు కూడా రాశాడు: "మంచి నిర్ణయమండీ. మీకు తెలిసినవాళ్ళలో నలభై లోపువాళ్ళెవరైనా ఉంటే చెప్పగలరు."

బక్రీద్ అంగడిలో ఒక పోతు మళ్ళీ తల విదిలించింది. కళ్ళజోడు చెవి దాకా జరిగి, తాడుకు వేలాడి, ఆగింది. సర్దుకుని చూస్తే ఎదురుగా బాలమల్లు తువ్వాల పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"కనవడ్తున్నానా అన్నా?"

"కనవడ్తున్నవ్. నీ గుంజకున్న ఆ నల్లదాని పెదవి ఇందాక ఎత్తి చూసిన, ఇంకా పాలపండ్లే. పొద్దటి సంది రెండు పండ్లని అమ్మజూస్తున్నవ్."

"జర మెల్లగ అనరాదే" అంటూ అతను ఆ మేకను అక్కడినుంచి లాక్కుపోయాడు.

ఇక లెక్క. కళ్ళు రెండూ ఎక్కడివక్కడే ఉన్నాయి, నంబరు తగ్గలేదు. అద్దాలు తీస్తే ఎదుటి మనిషి ఇప్పటికీ ఆరేసిన బట్టే, ఆ నష్టం నా పేరనే ఉంది. ఖర్చు కింద పోయినవి నెట్ సెంటర్లో గడిపిన సాయంత్రాలు, ఎయిర్‌పోర్టు చాయ్, రెండు అట్టలు. వచ్చినవి ఒక అదనపు కళ్ళజోడు, పనికిరాకపోయినా పారేయలేని ఒక మధ్యవర్తి, ఫోన్ చేసి తిట్టే ఒక అక్క. ఆ డిసెంబరులో ఆమె చర్చివాళ్ళు క్రిస్మస్ విందుకు మేకలన్నీ నా దగ్గరే తీసుకున్నారు, ధర కూడా తువ్వాల లేకుండా పైకే మాట్లాడుకున్నాం. అప్పటినుంచి ఏటా తీసుకుంటున్నారు.